ఈత కళ్ళద్దాలు ఎవరి మొహం కోసం పుట్టాయి?

ఎండాకాలం వచ్చిందంటే హనుమకొండలో పిల్లలున్న ఇళ్ళలో ఒకటే సందడి. ఒకడు క్రికెట్ కోచింగంటాడు, ఇంకొకతి డాన్సంటుంది, మిగతావాళ్ళంతా ఈతంటారు. ఈత అనగానే వెంటే వచ్చే ఖర్చు గాగుల్స్. చౌరస్తా దగ్గర ఏ ఆటసామాన్ల షాపుకెళ్ళినా వరసగా వేలాడుతూ ఉంటాయి. మామూలుగా వీటి గురించి ఎవరూ రెండు నిమిషాలకు మించి ఆలోచించరు. పిల్లకు నచ్చిన రంగు, మనకు నచ్చిన ధర, అంతే.

మా బంధువుల్లో ఒక పాప విషయంలో అలా కుదర్లేదు. ఐదేళ్ళు నిండాయి. పుట్టుకతోనే ఒక కంటి పైరెప్ప సగానికి వాలి ఉంటుంది. డాక్టర్లు దాన్ని టోసిస్ అంటారు. వాళ్ళమ్మ అడిగిన ప్రశ్న ఇదీ: "అన్నా, గాగుల్స్ రెప్ప మీద ఒత్తుకుంటే ఏమన్నా అయితదా? ఏది కొనాలె? లేకపోతే అసలు ఈతే బంద్ పెట్టాల్నా?"

నేను డాక్టర్ని కాదు. ప్రోగ్రాములు రాసుకు బతికేవాణ్ణి. మా వృత్తిలో ఒక అలవాటుంది లెండి. ఏదైనా పాత కోడు మనకు సరిపడకపోతే ముందు దాన్ని తిట్టుకుంటాం, తర్వాత దాని చరిత్ర తవ్వుతాం. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏ యూజరు కోసం రాశారు? నూటికి తొంభై సార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. ఈత కళ్ళద్దాల చరిత్ర కూడా అలాగే తవ్వాను. షాపులో వేలాడే ఆ చిన్న వస్తువు వెనక వందేళ్ళ కథ ఉంది. ఆ కథ తెలిస్తే, ఏది కొనాలో సగం తెలిసినట్టే.

మన బాయిల్లో గాగుల్స్ ఎందుకు లేవు?

వరంగల్లు నీళ్ళ ఊరు. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన రామప్ప చెరువు, పాకాల చెరువు ఇప్పటికీ పొలాలు పారిస్తున్నాయి. నగరంలోనే భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు ఉన్నాయి. శివనగర్‌లో కాకతీయుల నాటి మెట్లబావి ఉంది. కానీ మా దిక్కు పిల్లలు ఈత నేర్చింది ఎక్కువగా వ్యవసాయ బావుల్లోనే. నడుముకు మునగబెండ్లో, ఎండిన సొరకాయ బుర్రలో కట్టి మేనమామ బాయిలోకి నూకేసేవాడు. తర్వాత్తర్వాత లారీ ట్యూబులొచ్చాయి. ఎవడికీ గాగుల్స్ లేవు. దునికేవాడు కళ్ళు మూసుకునే దునుకుతాడు, తేలాక తెరుస్తాడు. రెప్పే గాగుల్!

ఇందులో గొప్పగా చెప్పుకోవాల్సిందేమీ లేదు. బావినీళ్ళతో కళ్ళకలకలు, చెవిపోట్లు వచ్చేవి. కాకపోతే ఆ ఈతలో నీటి లోపల చూడాల్సిన పని పెద్దగా లేదు. గాగుల్స్ అవసరమయ్యేది నీళ్ళలో చూడాల్సినవాడికి.

నీళ్ళలో మసకగా ఎందుకు కనబడుతుందంటే, మన కన్ను గాలి కోసం తయారైంది. వెలుతురు గాలిలోంచి కంటి ముందుపొర అయిన కార్నియాలోకి వచ్చేటప్పుడు బాగా వంగుతుంది, దాంతోనే ఫోకస్ చాలావరకు కుదురుతుంది. కార్నియా కూడా దాదాపు నీళ్ళలాంటిదే కాబట్టి, ముందు నీళ్ళుంటే ఆ వంపు పోతుంది. గాగుల్స్ చేసే పని చాలా చిన్నది: కంటికీ నీళ్ళకూ మధ్య కాస్త గాలిని పట్టి ఉంచుతాయి. ఆగ్నేయాసియా సముద్రాల్లో బజావు జాలర్లు చెక్కతో చెక్కి అద్దం బిగించుకునే గాగుల్స్ ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. ఎవరి గాగుల్ వాళ్ళ మొహానికి సరిపడేలా చెక్కించుకుంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పనుంది.

క్లోరిన్ వచ్చాక

గాగుల్స్‌కు రెండో పని తగిలించింది క్లోరిన్. దీని వెనకున్న కథ నేరుగా కనురెప్పల కథే.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో బహిరంగ ఈతకొలనులకు వెళ్ళినవాళ్ళకు ఒక వింత కళ్ళకలక వచ్చేది. దానికి 'ఈతకొలను కళ్ళకలక' అనే పేరే పడింది. రెప్ప లోపలి పొర వాచి, గింజలు గింజలుగా లేచేది. అది ట్రకోమాకు చుట్టం. ట్రకోమా అంటే రెప్ప లోపల మచ్చలు కట్టించి, రెప్ప అంచును లోపలికి మడిచి, వెంట్రుకలు కనుగుడ్డును గీరేలా చేసి, చివరికి చూపు తీసే జబ్బు. దాని ఆనవాళ్ళను 1907లో హాల్బర్‌స్టేటర్, ప్రొవాజెక్ అనే ఇద్దరు జావా ద్వీపంలో సూక్ష్మదర్శిని కింద గుర్తించారు. ఆ క్రిమిని వేరుచేసి పెంచగలిగినట్టు చైనాలో టాంగ్ ఫేఫాన్ బృందం ప్రకటించింది 1957లో. మన దేశం 1963లో ట్రకోమా మీద జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఇక్కడ అది ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో గుర్తించింది. అరవై ఏళ్ళు పట్టింది!

ఈతకొలను కళ్ళకలకను వెళ్ళగొట్టింది క్లోరిన్. 1910 ప్రాంతంలో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ కొలనులో ఒక విద్యార్థి నీళ్ళను క్లోరిన్‌తో శుద్ధి చేసి చూశాడు, ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. అంటువ్యాధులు తగ్గాయి. కానీ క్లోరిన్ ఊరికే ఉండదు కదా. చెమటతో, ఉచ్చతో కలిసి క్లోరమైన్లుగా మారుతుంది. కొలను దగ్గర మనం 'క్లోరిన్ వాసన' అనుకునేది, కళ్ళు మండించేది ఎక్కువగా ఇవే. అంటే ఒక బాధ పోయి, దానికన్నా చాలా చిన్నదే అయినా ఇంకో బాధ వచ్చింది. బాలసముద్రంలో కార్పొరేషన్ కొలనైనా, ఏ ప్రైవేటు స్కూలు కొలనైనా ఈ లెక్క ఒకటే. బాయిలో అక్కర్లేని గాగుల్స్ కొలనులో అవసరమైంది అందుకే.

రెండు కొమ్మలు

ఇహ గాగుల్స్ వంశవృక్షంలోకి వద్దాం. దీనికి రెండు కొమ్మలున్నాయి.

మొదటిది సముద్రం కొమ్మ. 1911లో థామస్ బర్జెస్ ఇంగ్లీష్ ఛానెల్ ఈదినప్పుడు మోటార్‌సైకిల్ వాళ్ళ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. వాటిలోకి నీళ్ళు కారేవి. 1926 ఆగస్టు 6న గెర్ట్రూడ్ ఎడెర్లే అనే ఇరవై ఏళ్ళ అమెరికన్ అమ్మాయి అదే ఛానెల్‌ను పద్నాలుగున్నర గంటల్లో ఈది పారేసింది. ఛానెల్ ఈదిన మొదటి మహిళ ఆమె. అప్పటి మగవాళ్ళ రికార్డు కన్నా దాదాపు రెండు గంటలు ముందు! ఆమె కూడా మామూలు గాగుల్స్ తెచ్చుకుని, అక్కతో కలిసి వాటి అంచులకు మైనం కరిగించి పోసి తన మొహానికి అతికేలా చేసుకుంది. తర్వాత 1930లలో ఫ్రాన్స్ తీరంలో గై గిల్‌పాట్రిక్ అనే అమెరికన్ రచయిత పాత విమానపు కళ్ళద్దాల సందుల్లో పుట్టీ నింపి చేపల వేటకు దిగాడు. లోతుకు వెళ్ళేకొద్దీ బయటి నీటి ఒత్తిడి పెరిగి గాగుల్స్ కళ్ళకు కరుచుకుపోతుంటే, ముక్కును కూడా లోపల కలిపేసిన పెద్ద మాస్కులొచ్చాయి. ముక్కుతో కాస్త గాలి వదిలితే ఒత్తిడి సమానమైపోతుంది. ఈ కొమ్మలో అంచు ఆనేది కంటి చుట్టూ ఉన్న ఎముక మీద, అంటే నుదుటి మీద, బుగ్గ మీద.

రెండోది పందెం కొమ్మ. దీని వయసు తక్కువ. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో మార్క్ స్పిట్జ్ ఏడు బంగారు పతకాలు కొట్టింది గాగుల్స్ లేకుండానే. అంతకు రెండేళ్ళ ముందు, 1970 కామన్వెల్త్ క్రీడల్లో, కొలంబోలో పుట్టిన బ్రిటన్ ఈతగాడు డేవిడ్ విల్కీ టోపీ, గాగుల్స్ రెండూ పెట్టుకుని దిగితే అందరూ వింతగా చూశారట. 1976 మాంట్రియల్ వచ్చేసరికి గాగుల్స్ మామూలైపోయాయి. విల్కీ అక్కడ బంగారు పతకమే గెలిచాడు. గాగుల్స్ వచ్చాక ఈతగాళ్ళు కళ్ళమంట లేకుండా గంటలకొద్దీ ప్రాక్టీసు చేయగలిగారు. అదే దశకంలో స్వీడన్ నుంచి ఒక రకం వచ్చింది. రబ్బరు అంచే ఉండదు, గట్టి ప్లాస్టిక్ గిన్నె నేరుగా కంటిగుంటలో కూర్చుంటుంది. ముక్కు మీది దారం మనమే కట్టుకోవాలి. నీళ్ళను కోసుకుపోవాలి, దూకినప్పుడు ఊడకూడదు అన్నవే దాని స్పెసిఫికేషన్లు. చిన్నదిగా ఉండాలి, లోపలికి కూర్చోవాలి, గట్టిగా పీల్చుకోవాలి.

షాపులో పిల్లల గాగుల్స్ అని అమ్మేవాటిలో చాలావరకు ఈ రెండో కొమ్మవే. పందెపుగాళ్ళ నమూనాను కుదించి, చేప బొమ్మ అంటించి, గులాబీ రంగు వేస్తారు. లోపలి డిజైన్ మాత్రం సెకనులో వందోవంతు కోసం కొట్టుకునే పెద్దవాళ్ళదే. మా భాషలో చెప్పాలంటే డిఫాల్ట్ సెట్టింగ్ ఎవరో వేరే యూజరుకు రాసింది. మామూలు పిల్లలకు అది నడిచిపోతుంది. రెప్పలో బలం లేని పిల్ల దగ్గరికొచ్చేసరికి తేడా బయటపడుతుంది.

రెప్ప సంగతి

కనురెప్పను మనవాళ్ళు తక్కువగా చూడలేదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో రెప్పల జబ్బులకే ఒక అధ్యాయం ఉంది. వర్త్మ రోగాల పేరుతో 21 రకాలు చెప్పారు అందులో. రెప్పకు దానిదైన వైద్యం కావాలని అంత పాతకాలంలోనే గుర్తించారన్నమాట.

పైరెప్పను లేపేది లీవేటర్ అనే సన్నటి కండరం. పుట్టుకతోనే అది సరిగా ఎదగకపోతే రెప్ప వాలిపోతుంది. అందం సంగతి అటుంచండి. రెప్ప నల్లగుడ్డుకు అడ్డం వస్తే ఆ కంటికి చూడటమే అలవాటు కాక చూపు మందగిస్తుంది, పెద్దయ్యాక దాన్ని సరిచేయడం కష్టం. అందుకే చిన్నప్పుడే కంటి డాక్టరుకు చూపించాలి. ఒకప్పుడు ఇలాంటి సర్జరీ అంటే మద్రాసో బొంబాయో అనేవాళ్ళు. ఇప్పుడు హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది, 1987 నుంచి ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఉంది. వరంగల్లులోనే ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది.

ఈ పిల్లలు ఎవరూ నేర్పకుండానే ఒక ఉపాయం కనిపెడతారు. నుదురు ముడిచి, కనుబొమ పైకెత్తి, గడ్డం లేపి చూస్తారు. లీవేటర్ చేయాల్సిన పని నుదుటి కండరంతో చేయిస్తారు. లీవేటర్ మరీ బలహీనంగా ఉంటే సర్జన్లు చేసేది కూడా ఇదే. చర్మం కింద నుంచి రెప్పను నుదుటి కండరానికి ఊయల తాడులా కట్టేస్తారు. పిల్ల కనిపెట్టిన పద్ధతినే డాక్టరు పక్కా చేస్తాడన్నమాట! ఆ ఆపరేషన్ తర్వాత నిద్రలో రెప్ప పూర్తిగా మూతపడకపోవచ్చు. అప్పుడు కార్నియా ఆరిపోకుండా చుక్కలు, జాగ్రత్తలు కావాలి.

ఇప్పుడు పందెం గాగుల్ గిన్నెను ఈ మొహం మీద పెట్టి చూడండి. దాని పైఅంచు సరిగ్గా కనుబొమ కింద, రెప్ప మడతలో కూర్చుంటుంది. ఏ రెప్ప కష్టపడి లేవాలో దాన్నే నొక్కుతుంది. పట్టీ బిగించారంటే కనుబొమ కూడా కదలదు. అంటే పిల్ల కనిపెట్టుకున్న ఒకే ఒక ఉపాయాన్ని మనం డబ్బులిచ్చి కొని మరీ మూసేస్తున్నాం.

ఒత్తిడి సంగతి నా ఊహ కాదు. ఆస్ట్రేలియాలో పెద్దవాళ్ళ మీద జరిపి 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఈత గాగుల్స్ పెట్టుకున్నప్పుడు కంటి లోపలి ఒత్తిడి సగటున 4.5 మిల్లీమీటర్లు పెరిగిందని, గిన్నె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ పెరిగిందని తేలింది. ఆరోగ్యమైన కంటికి అది పెద్ద లెక్కలోది కాకపోవచ్చు. కానీ చిన్న గిన్నె ఎక్కువ నొక్కుతుందన్న విషయం మాత్రం కొలిచి చెప్పినట్టయింది. 1977లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకో హెచ్చరిక వచ్చింది. గాగుల్స్‌ను ముందుకు లాగినప్పుడు తడిచేతిలోంచి జారి, సాగిన రబ్బరు వేగంతో వచ్చి కంటికి తగిలి తీవ్రమైన గాయాలయ్యాయని. తర్వాత బ్రిటన్ వీటికి ఒక ప్రమాణం పెట్టింది. 2020లో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 18527లో మూడో భాగంగా ఈత గాగుల్స్ చేరాయి.

మరి ఏది కొనాలి?

చరిత్ర చెబుతున్నదిదీ: ఇలాంటి పిల్లకు పందెం కొమ్మ వదిలేసి సముద్రం కొమ్మకు వెళ్ళాలి. 1990ల చివరి నుంచి రెండింటికీ మధ్యరకం ఒకటి దొరుకుతోంది. దాన్ని స్విమ్ మాస్క్ అంటున్నారు. మాస్కంత వెడల్పు, కానీ ముక్కు బయటే ఉంటుంది. ఈత నేర్చుకునేవాళ్ళు నీళ్ళలో ముక్కుతో ఊపిరి వదలడం నేర్వాలి కాబట్టి ముక్కు మూసే మాస్కు పనికిరాదు. కొనేటప్పుడు నేనైతే చూసేవి ఇవి:

1. అంచు మెత్తటి సిలికోన్‌దై, ఎముక మీద ఆనాలి. పెట్టాక అద్దంలోంచి చూస్తే రెప్ప మొత్తం అంచుకు లోపలే, దేనికీ తగలకుండా కనబడాలి.

2. పెట్టుకున్నాక "కనుబొమలు పైకెత్తు" అనండి. ఎత్తగలగాలి. ఆ తర్వాత గోడ మీది క్యాలెండరు చదవమనండి, ఒక్కో కన్ను మూసి. గాగుల్స్ లేనప్పుడు చదివినంత చదవగలిగితే సరి. మాస్కు మరీ పెద్దదైతే నుదుటిని కూడా నొక్కేస్తుంది, కాబట్టి పిల్లల సైజే తీసుకోవాలి.

3. పట్టీ తగిలించకుండా మెల్లగా ఆనించి వదలండి. ఒకటి రెండు సెకన్లు నిలిచి జారిపోతే చాలు. జలగలా పట్టుకుంటే ఈ పిల్లకు వద్దు. నీళ్ళు కారుతున్నాయని పట్టీ బిగించడం మందు కాదు, సైజు తప్పని అర్థం.

4. అద్దం తెల్లగా ఉండాలి. అసలే సగం మూసిన కిటికీ, దానికి నల్ల కర్టెన్ ఎందుకు? పైగా కోచ్‌కు పిల్ల కళ్ళు కనబడాలి.

5. మొదట్లో పది నిమిషాలకోసారి తీసి చూడండి. ఎముక మీద గీత పడితే ఫరవాలేదు. రెప్ప మీద పడితే మార్చేయండి. తీసేటప్పుడు ఎప్పుడూ తల వెనక పట్టీ పట్టుకుని ఎత్తాలి, ముందుకు లాగకూడదు.

6. వీటన్నిటికన్నా ముందు, చూస్తున్న కంటి డాక్టర్ని అడగండి. ఆపరేషన్ అయి ఉంటే డాక్టరు సరేననేదాకా కొలను వద్దు. రెప్ప మీద కురుపున్నా, కళ్ళకలకున్నా తగ్గేదాకా వద్దు.

ఇంకో సంగతి కోచ్‌కు చెప్పి తీరాలి. గడ్డం ఎత్తి చూసే అలవాటున్న పిల్ల నీళ్ళలో ముందుకు చూడాలంటే మిగతా పిల్లలకన్నా తల ఎక్కువ లేపుతుంది. తల లేస్తే నడుము, కాళ్ళు కిందికి దిగుతాయి. అది మొండితనం కాదు, భయం కాదు. ఎదురుగా ఏముందో చూడటానికి ఆమెకున్న దారి అదే. కొలను అడుగున గీసిన గీతను చూస్తూ ఈదమని నేర్పితే తల లేపే పని తగ్గుతుంది.

బంద్ పెట్టాలా?

నా మటుకు నాకు అసలు ప్రశ్న ఇదే. గాగుల్స్ ఏది అన్నది దీని తర్వాతిది. మన దగ్గర ఒక అలవాటుంది. పిల్లకు ఏదైనా చిన్న లోపముంటే ప్రేమకొద్దీ ఒక్కొక్కటీ ఆపేస్తాం. ఎండలోకి వద్దు, ఆటకు వద్దు, నీళ్ళకు వద్దు. ఇక్కడ ఊరి చుట్టూ చెరువులూ బావులూ కాలువలూ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు మూడు లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారు. వాళ్ళలో దాదాపు నాలుగోవంతు ఐదేళ్ళలోపు పిల్లలు. రెప్ప వాలిందని చెరువు జాలిపడదు. చూపు ఒకవైపు తక్కువున్న పిల్లకు ఈత రావడం మిగతా పిల్లలకన్నా ఎక్కువ అవసరం. గాగుల్స్ పెట్టుకున్నా పక్కన పెద్దవాళ్ళుండాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

బజావు జాలరి తన మొహానికి తగ్గట్టు చెక్క చెక్కించుకున్నాడు. ఎడెర్లే మైనం పోసుకుంది. గిల్‌పాట్రిక్ పుట్టీ పెట్టుకున్నాడు. ఎవరూ మొహాన్ని వస్తువుకు సరిపెట్టలేదు, వస్తువునే మొహానికి సరిచేసుకున్నారు. ఫ్యాక్టరీలొచ్చి అన్నీ ఒకే అచ్చులో పోయడం మొదలుపెట్టాక మనం ఈ విద్య మర్చిపోయాం. షాపులో ఉన్నది సరిపడకపోతే పిల్లలోనే లోపముందనుకోవడం నేర్చుకున్నాం.

అన్నట్టు ఎడెర్లే గురించి ఒక మాట మిగిలిపోయింది. చిన్నప్పుడు తట్టు సోకి ఆమె వినికిడి దెబ్బతింది. ఈత మానకపోతే ఇంకా పాడవుతుందని డాక్టర్లు చెప్పారట. ఆమె మానలేదు. వినికిడి తగ్గుతూ వచ్చింది నిజమే. అందుకే డాక్టరు మాట కొట్టిపారేయమని నేననను. కానీ ఛానెల్ హడావిడి అంతా చల్లారాక ఆమె ఏం చేసిందో తెలుసా? న్యూయార్కులోని లెక్సింగ్టన్ బధిర పాఠశాలలో చెవులు వినబడని పిల్లలకు ఈత నేర్పింది. 98 ఏళ్ళు బతికి 2003లో పోయింది. ఆ పిల్లల అమ్మానాన్నల్లో కూడా ఎవరో ఒకరు "బంద్ పెట్టాలా" అని అడిగే ఉంటారు. మీరేమంటారు?